ల్యాబు మిషను పక్కన మిణుకుమనే ఆ చిన్న డబ్బా ఏమిటి?



రక్తపరీక్షకు పరగడుపున రమ్మని ఎందుకు చెబుతామో గత సంచికలో రాశాము. ఆ పేజీ చేతిలో పట్టుకొని వచ్చిన ఒక పెద్దావిడ, భర్తకు రక్తం తీయించి, ల్యాబు కిటికీ దగ్గర నిలబడి మమ్మల్ని ఇంకో ప్రశ్న అడిగారు. "అమ్మా, ఆ పెద్ద మిషను పక్కన చిన్న డబ్బా ఒకటుంది, పచ్చలైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. మా ఆయన రక్తం పోసేది దాంట్లోనేనా?"

కాదండి. దానిలో రక్తం చుక్క కూడా పోయరు. పరీక్ష చేసేది పెద్ద మిషనే. చిన్న డబ్బా పని ఒక్కటే, మిషను చెప్పిన ఫలితాన్ని ఆసుపత్రిలోని కంప్యూటర్లకు చేరవేయడం. దాని అసలు పేరు సీరియల్ డివైస్ సర్వర్. మా సిబ్బంది మాత్రం కన్వర్టరు డబ్బా అంటారు, మేమూ ఇక్కడ డబ్బా అనే రాస్తాము. వైర్ల సంగతి ఆరోగ్య పత్రికలో ఎందుకని మీకు అనిపించవచ్చు. మీ చేతికి వచ్చే రిపోర్టులోని అంకె నిజంగా మీ రక్తానిదేనా అన్నది కొంతవరకు ఆ డబ్బా మీద, కొంతవరకు మా మీద, కొంతవరకు మీ మీద కూడా ఆధారపడి ఉంది. అందుకే రాస్తున్నాము.

డబ్బా రాకముందు

అప్పట్లో మా ల్యాబులో ఫలితం ఇలా నడిచేది. పరీక్ష ముగిశాక మిషను సన్నని కాగితం చీటీ మీద అంకెలు అచ్చువేసేది. టెక్నీషియను ఆ చీటీ చూసి రిజిస్టరులో ఎక్కించేవారు. రిజిస్టరు చూసి మరొకరు రిపోర్టు ఫారాలు నింపేవారు. వాటిని కట్టగట్టి వార్డుబాయి తీసుకువెళితే, సిస్టరుగారు ఒక్కొక్కటీ కేసుషీటులో అంటించేవారు. మిషను నుంచి డాక్టరుగారి కంటికి చేరేలోగా ఒక అంకె మూడు నాలుగు చేతులు మారేది. రోజుకు పదిమంది వచ్చిన కాలంలో దీనితో సరిపోయింది. ఉదయం ఎనిమిదికే వరుస మెట్ల దాకా వచ్చే రోజుల్లో సరిపోలేదు.

ఒక సోమవారం జరిగినది మేము మరచిపోలేము. కిడ్నీ జబ్బుతో చేరిన ఒకాయన రక్తంలో పొటాషియం ఎంత ఉందో చూశాము. మిషను చెప్పింది 3.6. రిపోర్టు ఫారం మీద పడింది 6.3. అంకెలు రెండూ అవే, చోట్లు మాత్రమే మారాయి. పెద్దవారిలో పొటాషియం లీటరుకు సుమారు 3.5 నుంచి 5.0 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. 6 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది కనుక త్వరగా తగ్గించే చికిత్స చేస్తారు. అదే చికిత్స 3.6 ఉన్న మనిషికి చేస్తే పొటాషియం మరీ పడిపోతుంది, అప్పుడూ ముప్పు గుండెకే. ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టరుగారు ఈ.సి.జి. చూసి, పొటాషియం అంత పెరిగిన మనిషి ఈ.సి.జి.లాగా ఇది లేదే అని అనుమానించి, మందు ఎక్కించక ముందే ల్యాబుకు ఫోను చేశారు. చెత్తబుట్ట దాకా పోయిన మిషను చీటీని వెతికి తీస్తే 3.6 అని ఉంది. ఇలాంటి తప్పును ఈ.సి.జి. ప్రతిసారీ పట్టిస్తుందని కాదు, పొటాషియం బాగా పెరిగినా ఈ.సి.జి. మామూలుగానే ఉండేవారు ఉంటారు. ఆ రోజు ఆయనకు అనుమానం రావడం ఆ రోగి భాగ్యం, మా భాగ్యం కూడా. ఆ ఫారం నింపినది అజాగ్రత్త మనిషి కాదు. ఉదయం నుంచి కుర్చీ ఎక్కకుండా రాస్తూనే ఉన్న మనిషి.

ఆ మధ్యాహ్నమే ఒక మాట అనుకున్నాము. ఫలితం మిషను నుంచి వార్డుకు మనిషి చేతిరాత లేకుండా పోవాలి. దారి ఏదీ అని చూస్తే, ఆ దారి మిషను వెనకాలే ఉంది. ఇన్నేళ్లుగా మూతపెట్టి ఉంచాము, అంతే.

మిషను వెనకాల ఉన్న నోరు

ల్యాబు మిషన్లలో, ముఖ్యంగా కొంచెం పాతవాటిలో, వెనకవైపు తొమ్మిది చిన్న పిన్నులున్న సాకెట్టు ఒకటి ఉంటుంది. దాన్ని సీరియల్ పోర్టు అంటారు. ఆ సాకెట్టులో ఏ మాట ఏ వోల్టేజితో పోవాలో చెప్పే ఒప్పందానికి ఆర్.ఎస్.-232 అని పేరు. అమెరికాలోని ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం దీన్ని 1960లో తెచ్చింది. 1969లో సవరించిన రూపమే ఎక్కువకాలం నిలబడింది. అప్పట్లో ఉద్దేశం టెలిప్రింటర్లను, టెర్మినళ్లను మోడెములకు కలపడం. ఆసుపత్రుల కోసం పుట్టింది కాదు. అయినా చవక, సులువు, నమ్మకం కావడంతో తూనిక యంత్రాల నుంచి రక్తపరీక్ష మిషన్ల దాకా అందరూ దాన్నే పెట్టుకున్నారు. ఒక మంచి ల్యాబు మిషను పది పదిహేనేళ్లు పనిచేస్తుంది. సాకెట్టు పాతదైందని మిషను పారేసే స్థితి మా వంటి ఆసుపత్రులకు లేదు.

సీరియల్ అంటే వరుసగా. పొలం గట్టు మీద ఇద్దరు పక్కపక్కన నడవలేరు, ఒకరి వెనుక ఒకరు పోవాలి. ఈ తీగ కూడా అలాంటి గట్టే. ఒక అక్షరాన్ని కంప్యూటరు ఎనిమిది సున్నాలుగా, ఒకట్లుగా రాసుకుంటుంది. ఉదాహరణకు 4 అనే అంకె 00110100. తీగ మీద ఇది కుడి చివర నుంచి మొదలై ఒక్కొక్కటిగా పోతుంది. అక్షరం మొదలవుతోందని తెలిపే గుర్తు ముందు ఒకటి, ముగిసిందని తెలిపే గుర్తు వెనుక ఒకటి, మొత్తం పది గుర్తులు. సున్నా అంటే 3 నుంచి 15 వోల్టుల ధన విద్యుత్తు, ఒకటి అంటే అంతే ఋణ విద్యుత్తు. చాలా మిషన్లు సెకనుకు 9600 గుర్తుల వేగంతో మాట్లాడతాయి, అంటే సెకనుకు 960 అక్షరాలు. ఇప్పటి లెక్కలో ఇది నత్తనడకే. కానీ ఒక రోగి ఫలితమంతా కలిపి కొన్ని వందల అక్షరాలే కనుక, మీరు ఒకసారి ఊపిరి పీల్చి వదిలేలోగా వెళ్లిపోతుంది.

ఇబ్బంది వేగంతో కాదు, దూరంతో. ఈ తీగను పాత ఒప్పందం ప్రకారం సుమారు 15 మీటర్లకు మించి లాగకూడదు. మా ల్యాబు నుంచి ఆడవారి వార్డుకు వెళ్లాలంటే వరండా దాటి, ప్రసూతి విభాగం చుట్టూ తిరగాలి. పైగా సీరియల్ తీగకు రెండు కొనలే, ఒక కొన మిషనుకు, రెండో కొన ఒకే ఒక కంప్యూటరుకు. మొదట్లో మేము అలాగే ప్రతి మిషను పక్కన ఒక కంప్యూటరు పెట్టి చూశాము. ల్యాబులో సాంపిళ్లు పెట్టడానికి బల్ల మిగలలేదు. ఫలితం కంప్యూటరు దాకా వచ్చింది కానీ, అక్కడి నుంచి వార్డుకు మళ్లీ కాగితం మీదే వెళ్లింది.

గట్టు నుంచి పోస్టాఫీసుకు

ఆసుపత్రి భవనాలన్నిటికీ మరో రకం తీగ అప్పటికే ఉంది. ఓ.పి. కౌంటరు, మందుల షాపు, క్యాషు కౌంటరు కంప్యూటర్లను కలిపేది. దాన్ని ఈథర్‌నెట్ అంటారు. 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. 1983లో ప్రమాణంగా స్థిరపడింది. ఎనిమిది సన్నని రాగి తీగలను జంటలుగా మెలిపెట్టిన కేబులు ఒక్క ముక్కలో 100 మీటర్లు పోతుంది. మధ్యలో స్విచ్చి అనే పెట్టె పెడితే ఇంకో వంద.

ఇది గట్టు పద్ధతి కాదు, పోస్టాఫీసు పద్ధతి. ఇక్కడ మాటలను ఊరికే తీగలో వదలకూడదు. కవరులో పెట్టాలి, కవరు మీద ఎవరి నుంచి ఎవరికో రాయాలి. వందమంది కవర్లు ఒకే తీగలో కలిసిపోయినా, చిరునామా చూసి స్విచ్చి ఎవరిది వారికి అందిస్తుంది. కవరు అందిందని అవతలివారు కబురు పంపుతారు. కబురు రాకపోతే ఇవతలివారు మళ్లీ పంపుతారు. మధ్యలో ముందువెనుకలైతే వరుస నంబరు చూసి సరిచేసుకుంటారు. ఈ కవరు మర్యాదలన్నిటినీ కలిపి టి.సి.పి./ఐ.పి. అంటారు.

పాత ల్యాబు మిషనుకు ఈ మర్యాదలేవీ తెలియవు. అది గట్టు మీద నడవడం తప్ప కవరు రాయడం నేర్చుకోలేదు. దాని లోపలి ప్రోగ్రామును మనం మార్చలేము, మార్చకూడదు కూడా, ఎందుకంటే ఆ మిషను ఆ ప్రోగ్రాముతోనే పరీక్షించబడి ఆమోదం పొందింది. అందుకని పక్కన ఒక గుమాస్తాను కూర్చోబెట్టాము. ఆ గుమాస్తాయే మీరు చూసిన డబ్బా.

డబ్బాకు ఒకవైపు తొమ్మిది పిన్నుల సాకెట్టు, రెండోవైపు నెట్‌వర్కు సాకెట్టు ఉంటాయి. లోపల ఉన్నది నిజానికి ఒక కంప్యూటరే. తెర లేదు, కీబోర్డు లేదు, చేయి తిరిగిన పని ఒక్కటే. ఇలా ఒకే పనికి పుట్టించిన చిన్న కంప్యూటర్లను ఎంబెడెడ్ పరికరాలు అంటారు. మీ ఇంటి వాషింగ్ మిషనులో కూడా ఒకటి ఉంటుంది. మూత తీస్తే మొదట కనిపించేది వోల్టేజి మార్చే చిప్పు. మిషను పంపే ఎక్కువ వోల్టుల గుర్తులను లోపలి చిప్పులు తట్టుకునే 5 లేక 3.3 వోల్టులకు దించుతుంది. ఈ పనికి మ్యాక్సిమ్ సంస్థ 1987లో తెచ్చిన మ్యాక్స్-232 చిప్పు, దాని సంతతి నేటికీ వాడుకలో ఉన్నాయి. తరువాత ప్రాసెసరు, కొంచెం జ్ఞాపకశక్తి, కవర్లు తయారుచేసే భాగం. లాంట్రానిక్స్ అనే అమెరికా సంస్థ ఇవన్నీ కలిపి నెట్‌వర్కు సాకెట్టు అంత పరిమాణంలోనే ఇమిడ్చింది, పేరు ఎక్స్‌పోర్ట్. దానిలోని పని జ్ఞాపకశక్తి 256 కిలోబైట్లు. మీ ఫోనులో తీసిన ఒక్క ఫోటో కూడా దానిలో పట్టదు. కొరియాకు చెందిన విజ్‌నెట్ సంస్థ వేరే దారిలో వెళ్లింది. కవర్ల మర్యాదలను ప్రోగ్రాముగా రాయకుండా, డబ్ల్యూ-5100 వంటి చిప్పుల్లో నేరుగా తీగల అల్లికలోనే పెట్టేసింది. అప్పుడు పక్కనున్న ప్రాసెసరు ఎంత చిన్నదైనా సరిపోతుంది.

కవరు ఎప్పుడు అంటించాలో డబ్బాకు ముందే చెప్పాలి. ఈథర్‌నెట్‌లో కవరు కనీసం 64 బైట్లు ఉండాలి. ఒక్కో అక్షరానికి ఒక్కో కవరు పంపితే, గింజకో బస్తా కట్టినట్టు ఉంటుంది. అందుకని డబ్బా వచ్చిన అక్షరాలను తన తొట్టిలో పోగుచేసి, మిషను కాసేపు ఆగినప్పుడు గానీ, ముగింపు గుర్తు కనిపించినప్పుడు గానీ కవరు మూసి పంపుతుంది. మొదటి వారంలో మా తలనొప్పి ఇక్కడే. కొందరి ఫలితాలు సగమే వచ్చేవి. తప్పు మిషనుదీ కాదు, డబ్బాదీ కాదు. ఒక కవరు వస్తే ఒక ఫలితం పూర్తయిందని మా కంప్యూటరులోని ప్రోగ్రాము అనుకునేది. ఒక ఫలితం రెండు కవర్లలో రావచ్చు, రెండు ఫలితాలు ఒకే కవరులోనూ రావచ్చు. కవరును చూసి కాదు, లోపలి ముగింపు గుర్తును చూసి లెక్కపెట్టమని ప్రోగ్రామును సరిచేసిన తరువాత సర్దుకుంది.

ఇంకో తప్పు కూడా చేశాము, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మిషను 9600 వేగంతో మాట్లాడుతుంటే డబ్బాను 19200 వేగానికి పెట్టాము. తెర మీద అర్థంలేని గీతలు, చుక్కలు వచ్చాయి. మిషను పాడైందని కంపెనీ వారిని పిలిపించాము. ఆయన వచ్చి, ఒక్క నిమిషంలో వేగం మార్చి, టీ తాగి వెళ్లారు.

మిషను మాట్లాడే తీరు

అక్షరాలు చేరితే చాలదు, తప్పులేకుండా చేరాలి. అందుకు ల్యాబు మిషన్లకు ఒక సంభాషణ పద్ధతి ఉంది. ఏ.ఎస్.టి.ఎం. ప్రమాణాలుగా మొదలై, ఇప్పుడు సి.ఎల్.ఎస్.ఐ. అనే సంస్థ ప్రమాణాలుగా నడుస్తోంది. అది అచ్చంగా ఇద్దరు మర్యాదస్తులు ఫోనులో మాట్లాడుకున్నట్టు ఉంటుంది. మిషను ముందు "ఉన్నారా?" అని అడుగుతుంది. కంప్యూటరు "ఉన్నాను, చెప్పండి" అంటుంది. జవాబుకు 15 సెకన్లు చూస్తుంది, రాకపోతే అక్కడితో ఆపుతుంది. తరువాత సాంపిలు నంబరు, పరీక్ష పేరు, ఫలితం, కొలత ఉన్న ఒక ముక్క పంపి, చివర ఆ ముక్కలోని అక్షరాల విలువలన్నీ కూడి వచ్చిన సంఖ్యను జోడిస్తుంది. కంప్యూటరు తానూ కూడి చూస్తుంది. లెక్క కుదిరితే "అందింది" అంటుంది, కుదరకపోతే "అందలేదు" అంటుంది, మిషను మళ్లీ పంపుతుంది. అంతా అయ్యాక "ముగించాను" అని ఫోను పెట్టేస్తుంది. మధ్యలో ఉన్న డబ్బాకు ఇందులో ఒక్క మాట కూడా అర్థం కాదు. ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేస్తుంది. అర్థం కాకపోవడమే దాని మంచితనం. అర్థమైతే సరిదిద్దబోయి చెడగొడుతుంది.

ఈ కూడిక పద్ధతిలో ఒక వింత ఉంది. 3.6ను కూడినా 6.3ను కూడినా వచ్చేది ఒకటే. అంటే ఆ సోమవారం మా దగ్గర జరిగిన తప్పును ఈ లెక్క పట్టుకోలేదు. అయితే గట్టు మీద నడిచే అక్షరాలు ఒకదాన్ని ఒకటి దాటవు. మెరుపు వల్లనో వదులైన పిన్ను వల్లనో తీగలో అక్షరం చెడవచ్చు గానీ, ముందుది వెనక్కి పోదు. చోట్లు మార్చేది అలసిన కన్ను, అలసిన చేయి. ఆ రెంటినీ మధ్యలోంచి తీసేశాము కనుకనే మాకు ధైర్యం.

ప్లగ్గు, చార్జరు, తాళం

వార్డుల్లో మంచాల పక్కన ఉండే మానిటర్లలో కూడా పాతవాటికి సీరియల్ సాకెట్టే ఉంది. నాడి, ఆక్సిజను అంకెలు డబ్బా ద్వారా నర్సుల బల్ల దగ్గరి తెర మీదికి వస్తాయి. ఇక్కడ ఒక జాగ్రత్త ఎక్కువ. మానిటరు తీగలు రోగి శరీరానికి అంటి ఉంటాయి కనుక, నెట్‌వర్కు వైపు నుంచి కరెంటు వెనక్కి రాకూడదు. అందుకని మధ్యలో విద్యుత్తును విడదీసే భాగం పెడతారు. మాట వెలుగుగా మారి అటు దాటుతుంది, కరెంటు మాత్రం దాటదు. మా బయోమెడికల్ ఇంజనీరుగారు పరీక్షించి స్టిక్కరు అంటించనిదే ఏ డబ్బానూ మానిటరుకు కలపము. ఇవన్నీ తీగతో పనిచేసేవి, వీటి నుంచి ఏ కిరణాలూ రావు. గర్భిణీలు పక్కన కూర్చున్నా భయం లేదు.

మేము భయపడేది వేరే దానికి. ఒక రాత్రి నర్సుల తెర మీద రెండు మంచాల అంకెలు ఒక్కసారిగా ఆగిపోయాయి. సిస్టరుగారు పరుగెత్తారు. రోగులిద్దరూ బాగానే ఉన్నారు, మంచం పక్కన మానిటర్లూ పనిచేస్తున్నాయి. గోడ దగ్గర ఒకాయన ఫోను చార్జింగు పెట్టుకోవడానికి డబ్బా ప్లగ్గు తీశారు. ఆయనను మేము కోప్పడలేదు. రెండు రోజులుగా ఇంటికి ఫోను చేయలేని మనిషి, ఆ నల్లని చిన్న ప్లగ్గు చూస్తే ఎవరికైనా చార్జరులాగే ఉంటుంది. మరునాడే ఆ ప్లగ్గులకు మూతలు బిగించాము, వరండాలో చార్జింగుకు వేరే బోర్డు పెట్టించాము. అయినా ఒక మనవి, వార్డులో ఏ ప్లగ్గు తీయాలన్నా సిస్టరుగారిని ఒక మాట అడగండి.

రెండో భయం బయటివారు చొరబడటం. ఇంత చిన్న డబ్బాతో ఎవరికేం పని అనుకోవద్దు. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్ దేశంలో దుండగులు విద్యుత్తు పంపిణీ సంస్థల కంప్యూటర్లలోకి చొరబడి, సుమారు 2,25,000 కనెక్షన్లకు కరెంటు ఆపేశారు. పోతూ పోతూ సబ్‌స్టేషన్లలో ఉన్న ఇలాంటి సీరియల్-ఈథర్‌నెట్ డబ్బాల లోపలి ప్రోగ్రామును పాడుచేసి పోయారు. కంట్రోలు రూములో కూర్చున్నవారి మాట స్విచ్చులకు అందలేదు. మనుషులు సబ్‌స్టేషన్లకు వెళ్లి చేత్తో స్విచ్చులు వేస్తేనే కరెంటు తిరిగి వచ్చింది. 2020 జూన్‌లో ఒక ఇజ్రాయెల్ భద్రతా సంస్థ, అనేక రకాల చిన్న పరికరాల్లో వాడిన ఒక తయారీ నెట్‌వర్కు ప్రోగ్రాములో 19 లోపాలు బయటపెట్టింది. ఆ పరికరాల్లో మందు ఎక్కించే పంపులు కూడా ఉన్నాయి.

పాత డబ్బాలు చాలావరకు మాటలను రహస్యలిపిలోకి మార్చవు. తీగ దగ్గరికి రాగలిగినవాడు చదవగలడు. అందుకని మిషన్ల నెట్‌వర్కును మిగతావాటి నుంచి వేరుచేశాము. ఇంటర్నెట్‌కు దానికి దారి లేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డును డబ్బా పెట్టిన రోజే మార్చాము. ల్యాబు వైఫై పాస్‌వర్డు చెప్పమని మా సిబ్బందిలో తెలిసినవారిని అడిగి, కాదంటే చిన్నబుచ్చుకునే సంఘస్థులు కొందరున్నారు. కారణం ఇదే, దయచేసి మరోలా అనుకోవద్దు.

డబ్బా చేయలేని పని

ఇప్పుడు మీ వంతు. డబ్బా ఏది ఇస్తే అది చేరవేస్తుందని చెప్పాము. మిషను కూడా అంతే. అది రక్తం ఎవరిదో చూడదు, సీసా మీద అంటించిన చారల స్టిక్కరును చదువుతుంది. మంచం దగ్గర స్టిక్కరు తప్పు సీసాకు పడితే, ఆ తప్పు ఒక్క అక్షరం చెడకుండా, లెక్కలన్నీ కుదిరి, రెండు సెకన్లలో డాక్టరుగారి తెర మీదికి చేరుతుంది. చేతిరాత రోజుల్లో ఎవరో ఒకరు మధ్యలో చూసి, "ఈయన నిన్ననే వెళ్లిపోయారు కదా" అనేవారు. ఇప్పుడు ఆ మధ్యలో మనిషి లేడు. డబ్బా పెట్టి మేము పోగొట్టుకున్నది అదొక్కటే, అది చిన్నదేమీ కాదు.

మా ఊళ్లలో ఒకే పేరు ఉన్నవారు ఎంతమందో మీకు తెలుసు. ఒకే రోజు ఒకే వార్డులో ముగ్గురు మరియమ్మలు ఉన్న సందర్భం ఉంది, వారిలో ఇద్దరికి ఇంటిపేరు కూడా ఒకటే. అందుకే రక్తం తీసే సిస్టరుగారు మీ పేరు తెలిసి కూడా మళ్లీ అడుగుతారు. "మీరు మరియమ్మగారే కదా?" అని అడగరు, అలా అడిగితే జ్వరంలో ఉన్నవారు దేనికైనా ఊ అంటారు. "మీ పేరేమిటి? వయసెంత? ఏ ఊరు?" అని మీ నోటితోనే చెప్పిస్తారు. పొద్దున్నే చెప్పాను కదా అని విసుక్కోకుండా మళ్లీ చెప్పండి. మాట్లాడలేని స్థితిలో ఉన్నవారికి తోడున్నవారు చెప్పాలి. సీసా మీద స్టిక్కరు మీ కళ్ల ముందే అంటించాలి, బల్ల దగ్గరికి తీసుకెళ్లి తరువాత అంటిస్తామంటే ఇక్కడే అంటించమని అడగండి. స్టిక్కరు మీద ఓ.పి. నంబరు, మీ చీటీ మీది నంబరు ఒకటేనా చూడండి. చదువు రాకపోయినా అంకెలు పోల్చి చూడవచ్చు.

రిపోర్టు చేతికి వచ్చాక కూడా పైన పేరు, వయసు, నంబరు, రక్తం తీసిన సమయం చూడండి. మీరు ఉదయం ఏడున్నరకు ఇస్తే అక్కడ పదకొండు అని ఉండకూడదు. ఎప్పుడూ 110 ఉండే షుగరు ఒక్కసారి 400 వస్తే, మందు మార్చే ముందు మరోసారి రక్తం తీయమని అడగడం తప్పు కాదు. పొటాషియం వంటివి ప్రమాదకరమైన స్థాయిలో వస్తే, తెర మీద పడినా సరే, మా టెక్నీషియను వార్డుకు ఫోను చేసి చెబుతారు. విన్న సిస్టరుగారు ఆ అంకెను తిరిగి చెప్పి రాసుకుంటారు.

కరెంటు పోతే డబ్బా యూ.పీ.ఎస్. మీద నడుస్తుంది. వర్షాకాలంలో పిడుగులకు స్విచ్చి పెట్టె మాడిపోతే మాత్రం, అది మార్చేదాకా పాత పద్ధతే, చీటీ, ఫారం, వార్డుబాయి. మిషను లోపల ఫలితం భద్రంగా ఉంటుంది, దారి వచ్చాక మళ్లీ పంపుకుంటాము. ఆ రోజుల్లో చేత్తో రాసిన రిపోర్టు మీద రాసినవారి సంతకం ఒకటి, మిషను చీటీతో పోల్చి చూసినవారి సంతకం ఒకటి ఉంటాయి. ఒక్కటే సంతకం ఉన్న చేతిరాత రిపోర్టు మీకు ఇస్తే, తీసుకోకుండా ల్యాబు కిటికీ దగ్గరికి తిరిగి తీసుకురండి.